అన్నయ్య గాజుమెడ

జూన్ 4

వదినా,

ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికల్లా గొంతు పెంచుతున్నామనీ, నాలుగో నిమిషంలో ఎవరో ఒకరు ఠపీమని పెట్టేస్తున్నామనీ, ఆ తర్వాత వారం రోజులు మధ్యలో నలిగేది తనేననీ అన్నయ్య తీర్పు చెప్పేశాడు కదా. ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకోవాలట. "రాసేటప్పుడైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు" అన్నాడు. షర్టులు కుట్టుకునే మనిషికి న్యాయమూర్తి కావాలని ఎప్పుడు బుద్ధి పుట్టిందో తెలియదు.

నీతో పనిబడే రాస్తున్నాను. ముందే ఒప్పేసుకుంటే నయం. లేకపోతే 'పనుంటే తప్ప వదిన గుర్తుకు రాదు' అని నువ్వే దెప్పుతావు.

నేను గాజు ఊదే ఈ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇప్పుడు మెడ రక్తనాళాలను గాజుతో చేయిస్తున్నారు. మెడ పక్కనుంచి పైకి వెళ్ళే పెద్ద నాళం దవడ కింద రెండుగా చీలుతుంది కదా, ఒకటి మెదడుకి, ఒకటి ముఖానికి. నాళాల్లో కొవ్వు చేరే జబ్బు ఎప్పుడూ ఆ చీలిక దగ్గరే ఎందుకు మొదలవుతుందన్నది మా పెద్దాయన ప్రశ్న. పెద్దాయన అంటే మా ప్రొఫెసర్. ఒంట్లో పారే రక్తం ఒకటే, మరి ఆ మూలకే ఎందుకు అంత ప్రత్యేకం అంటాడు. గాజు నాళంలో నీళ్ళు పారించి, రంగు వదిలి, ఏ మూల ఎలా తిరుగుతుందో చూస్తాం. జబ్బు మెడల కొలతలూ, జబ్బు లేని కుర్రవాళ్ళ మెడల కొలతలూ మా దగ్గర బోలెడున్నాయి. జబ్బు లేని నడివయసు మెడ ఒక్కటి కావాలి.

నువ్వు ఆసుపత్రిలో పొద్దస్తమానం మెడలే స్కాన్ చేస్తావు. అన్నయ్య మెడ, ఎడమవైపు, తీసి పంపు. మీ డాక్టరమ్మకు పెద్దాయన ఇప్పటికే రాశాడు, ఆవిడ సరేనంది.

ఎవరి మెడైనా పనికొస్తుంది, నిజమే. కానీ నాకు అన్నయ్యదే కావాలి. అమ్మా నాన్నా పోయాక ఏడేళ్ళ పిల్లనైన నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళేవాడు. ఆ మెడ పట్టుకునే నేను లోకాన్ని చూశాను. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని నా చేత్తో గాజులో చేయాలని ఆశగా ఉంది.

మరదలు


జూన్ 15

మరదలా,

నీ ఉత్తరం నా పేరనే వచ్చింది, కానీ ముందు చదివింది మీ అన్నయ్యే. కవరు మీద నీ చేతిరాత కనిపిస్తే ఆయనకు ఆగదు. చదివి, టేపు మెడకు చుట్టుకుని అద్దం ముందు నిలబడి, "పదిహేనున్నర కాలరు. చెల్లాయికి చెప్పు" అన్నాడు. నాళం కొలత వేరు, కాలరు కొలత వేరు అని చెప్పడానికి నాకు ఓపిక చాల్లేదు.

మెడ పట్టుకుని లోకాన్ని చూశావన్నమాట. సంతోషం. ఆ మెడ ఇప్పుడు రోజంతా మిషను మీదకి వంగి వంగి సాయంత్రానికి కర్రలా బిగుసుకుపోతుంది. దాన్ని నొక్కేది, వేడినీళ్ళ గుడ్డ వేసేది నేను. ఈ వివరం కూడా మీ పెద్దాయన లెక్కలో రాసుకుంటే బాగుంటుంది.

స్కాన్ చేసి పంపుతాను. ఆదివారాలు తప్ప మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ముప్పావుగంట మిషను ఖాళీగా ఉంటుంది. ఉత్తరం మీద ఉత్తరం రాసి తొందరపెట్టకు, నాకు రోజుకు ముప్పై మెడలున్నాయి.

ఇక్కడ అంతా క్షేమం. నీ పాత సైకిల్ అమ్మవద్దని ఆయన ఇంకా వసారాలోనే పెట్టాడు. దాన్ని తప్పించుకుని నడవలేక నా మోకాలు రెండుసార్లు కొట్టుకుంది.

వదిన


జూలై 2

మరదలా,

దీంతోబాటు పంపుతున్న పెట్టెలో డిస్కు ఉంది, అచ్చు తీసిన బొమ్మలూ ఉన్నాయి. మెడ కింది నుంచి దవడ దాకా నాళాన్ని అడ్డంగా చూపే అరవై రెండు బొమ్మలు, ఒక్కోదానికి నాళం లోపలి వెడల్పు రాశాను. పెట్టె మీద 'మీ అన్నయ్య మెడ, ఎడమవైపు' అని రాశాను. మీ అన్నయ్య జెల్ చల్లగా ఉందని పసిపిల్లాడిలా గోల చేశాడు.

అందగానే ఒక ముక్క రాయి.

వదిన


జూలై 30

వదినా,

అన్నయ్య మెడ తయారైంది!

నాలుగు సార్లు పగిలింది. చీలికకు సరిగ్గా ముందు నాళం కాస్త ఉబ్బుతుంది చూడు, ఆ ఉబ్బు ఊదేటప్పుడు మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలినా గోడ జారిపోతుంది. అయిదోసారికి కుదిరింది. అసలు కొలతకు రెండింతలు చేశాను, లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపించాలని. ప్రస్తుతానికి నా బల్ల మీద, కిటికీ పక్కన నిలబెట్టాను. పొద్దున్నే వెలుగు పడితే భలే ఉంటుంది. తాళం తీసి లోపలికి రాగానే "బాగున్నావా" అని పలకరించి అప్పుడు పనిలో కూర్చుంటున్నాను. పక్క బల్ల ఆవిడ నాకు పిచ్చి ముదిరిందనుకుంటోంది. అనుకోనీ.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అన్నయ్య నాళం ఇంత సన్నగా ఉందేమిటి? మగవాళ్ళ మెడలో ఇంత సన్నంది ఇప్పటిదాకా చూడలేదన్నాడు పెద్దాయన. నాకు మనసంతా పాడైపోయింది. నా చిన్నప్పుడు తన కంచంలోది నాకు పెట్టి తను నీళ్ళు తాగి పడుకునేవాడు. అప్పుడు తినకపోవడం వల్లే ఇలా ఉందేమో. పోనీ ఇప్పుడైనా కడుపునిండా తింటున్నాడా? నువ్వు డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో మధ్యాహ్నం ఏం తింటాడు?

మరదలు


ఆగస్టు 9

మరదలా,

తింటున్నాడు. నెలకోసారి తన ప్యాంటు నడుము తనే వదులు చేసుకుంటున్నాడు. నీకు అనుమానంగా ఉంటే తను వదిలిన కుట్లు దాచి పంపుతాను, వాటిని కూడా గాజులో చేసుకో.

పెళ్ళయి పదమూడేళ్ళయింది. ఈ పదమూడేళ్ళలో నేను వండింది ఆయన బాగుందన్నప్పుడల్లా వెనకాలే ఒక మాట ఉంటుంది, 'చెల్లాయి ఉంటే రెండోసారి వడ్డించుకునేది' అని. ఆయనకు జ్వరం వస్తే కళ్ళు మూసుకుని నీ పేరే పిలుస్తాడు. దుకాణంలో దారపు ఉండల డబ్బా అడుగున నీ ఉత్తరాలు కట్ట కట్టి ఉన్నాయి. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు రాసినవి ఎక్కడున్నాయో నాకే తెలియదు. కాబట్టి నేను ఆయనకు తిండి పెట్టడం లేదని నువ్వు రాస్తే నాకు కడుపు మండింది. ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

పొద్దున్నే పలకరిస్తున్నావా దాన్ని? చాలా బాగుంది.

వదిన


సెప్టెంబర్ 1

వదినా,

పోట్లాట తర్వాత పెట్టుకుందాం. ఇది కాస్త నెమ్మదిగా చదువు.

నిన్న గాజుమెడలో నీళ్ళు వదిలాం. ఉత్త నీళ్ళు కాదు, రక్తమంత చిక్కగా కలిపినవి. పంపు గుండెలాగా కొట్టి కొట్టి వదులుతుంది. కింద నుంచి సన్నని గొట్టంలో ఎర్రరంగు వదిలితే అది దారంలాగా పైకి పాకుతుంది. నాళం తిన్నగా ఉన్నంత మేరా దారం తిన్నగా పోయింది. చీలిక లోపలి అంచు దగ్గర గోడను ఒరుసుకుంటూ జోరుగా పోయింది. కానీ ఆ ఉబ్బు ఉంది చూడు, దాని బయటి గోడ దగ్గరికి వచ్చేసరికి దారం తడబడింది. నెమ్మదించింది. వెనక్కి తిరిగింది. అక్కడే సుడి తిరుగుతూ ఉండిపోయింది. అందరి మెడలోనూ అక్కడ కాస్త సుడి ఉంటుంది, అది మామూలే. జబ్బు లేని కుర్ర మెడల్లో పంపు రెండు దెబ్బలు కొట్టేసరికి రంగు కడుక్కుపోతుంది. ఇందులో ఏడు దెబ్బలు పట్టింది. మూడుసార్లు లెక్కపెట్టాం.

పెద్దాయన చెప్పింది నీకూ చెబుతాను. రక్తం గోడను ఒరుసుకుంటూ ఒకే వైపు పారినంత కాలం నాళం లోపలి పొర కణాలు రక్తం పారే వైపుకు తల వాల్చి, పక్కపక్కనే ఒద్దికగా ఉంటాయట. ప్రవాహం మందగించి ముందుకీ వెనక్కీ ఊగే చోట అవి చెదిరిపోతాయి. పొర మధ్య సందులు పడతాయి. కొవ్వు దూరేది అక్కడే. గోడ మందమయ్యేది అక్కడే. మనిషికి ఏ నొప్పీ తెలియకముందే, ఏళ్ళ ముందే మొదలవుతుందట. ముదిరితే అక్కడి గడ్డ జారి మెదడుకు పోయి పక్షవాతం వస్తుందట.

వదినా, నాకు భయంగా ఉంది. అన్నయ్య మెడ మళ్ళీ స్కాన్ చెయ్యి. ఈసారి వెడల్పు కాదు, ఆ ఉబ్బు దగ్గర బయటి గోడ మందం కొలువు. బీపీ చూపించు. ఉప్పూ, వెన్నా తగ్గించు.

మరదలు


సెప్టెంబర్ 10

మరదలా,

కొలిచాను. గోడ సన్నగా, నున్నగా, కాగితంలా ఉంది. బీపీ మామూలుగా ఉంది. మా డాక్టరమ్మ కూడా చూసి, "నలభై ఏడేళ్ళ మెడలా లేదు, పాతికేళ్ళ మెడలా ఉంది" అంది.

కాబట్టి నీ గాజు తప్పు. అయిదోసారి ఊదినప్పుడు మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలి ఉంటుంది.

ఇంకోమాట. పక్షవాతం అంటే ఏమిటో నాకు చెప్పకు. మా అమ్మకు ఒక పక్క పడిపోయినప్పుడు ఆవిడకు యాభై రెండేళ్ళు. నాలుగేళ్ళు ఎత్తి దించింది నేను. స్కాన్ పని నేర్చుకున్నది కూడా ఆ తర్వాతే. ఈ ఇంట్లో ఎవరి మెడలో ఏముందో చూసుకోవడానికి నేను చాలు.

వదిన


సెప్టెంబర్ 20

గౌరవనీయులైన వదినగారికి,

మీరు రాసింది అందింది. గాజు తప్పని మీరు తేల్చేశాక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, మీరు పంపిన అరవై రెండు బొమ్మలనూ గాజు పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూశాడు. వెంట్రుక వాసి తేడా లేదు. పధ్నాలుగేళ్ళుగా గాజు ఊదుతున్నాను. నా పని మీద అనుమానం వద్దు.

మీ పని మీద నాకు అనుమానం లేదు. కానీ సొంత మనిషిలో జబ్బు చూడటానికి కళ్ళు ఒప్పుకోవు. మీ చెయ్యి తెలియకుండానే మంచిగా కనిపించే వైపుకే తిరిగి ఉంటుంది. అందుకే అన్నయ్యకు దుకాణానికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మీకూ నాకూ మధ్యే కదా ఫోన్ నిషేధం. రేపటి నుంచి ఉప్పు మానేస్తానన్నాడు.

మీ మరదలు


అక్టోబర్ 3

మరదలా,

'మీరు' అని రాస్తే మర్యాద అయిపోదు. నువ్వు ఎంత కోపంగా ఉన్నావో నాకు అర్థమైంది, ఇక నువ్వు అనే రాయి.

మీ అన్నయ్య సంగతి విను. ఉప్పు మానేశాడు. వెన్న మానేశాడు. టీలో చక్కెర మానేసి, ఆ టీని కషాయంలా కళ్ళు మూసుకుని మింగుతున్నాడు. తెల్లారకముందే లేచి మూడు వీధులు పరిగెత్తి వస్తున్నాడు, తిరిగొచ్చేసరికి వీధికుక్కలన్నీ వెంటపడుతున్నాయి. దుకాణానికొచ్చిన ప్రతివాడికీ కాలరు కొలుస్తూ, మెడలో రక్తం ఎలా సుడి తిరుగుతుందో వేలితో గీసి మరీ చూపిస్తున్నాడు. గిరాకీ సగం భయపడి పోతోంది. నిన్న నేను చూడటం లేదనుకుని బిస్కెట్ డబ్బా తెరిచి, వాసన చూసి, మూత పెట్టేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేను వద్దంటే వినడు. డాక్టరమ్మ వద్దన్నా వినడు. చెల్లాయి చెప్పింది! అయిపోయింది. పదమూడేళ్ళుగా నేను అన్న మాటలన్నీ ఒక పక్క, నువ్వు దూరాన్నుంచి చేసిన ఒక్క ఫోన్ ఒక పక్క. నీ పక్కే మొగ్గింది, ఎప్పటిలాగే. ఆయనకు జబ్బు ఉండాలని నువ్వు కోరుకుంటున్నావేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. జబ్బుంటే నీ చేతికి చిక్కుతాడు కదా. ఈ మాట రాయకూడదని తెలుసు. కొట్టేయబోయి ఆగాను. ఉండనీ.

వదిన

మరిచాను. ఆ ఉబ్బు దగ్గర బయటి గోడ అన్నావు కదా, మందం ఎంత దాటితే మీ పెద్దాయన భయపడతాడు? అక్కడ చిన్న మెత్తటి గడ్డలాంటిది కూడా కనిపిస్తే అదింకా మొదట్లో ఉన్నట్టేనా? ఊరికే అడుగుతున్నాను.


అక్టోబర్ 12

వదినా,

చివర్లో నువ్వడిగిన ప్రశ్న చదివి నా గుండెల్లో రాయి పడింది. నీ తిట్లన్నీ ఆ క్షణంలోనే మరిచిపోయాను. మళ్ళీ స్కాన్ చేశావన్నమాట. గడ్డ కనిపించిందన్నమాట. నోరు తెరిచి చెప్పలేక 'ఊరికే' అని రాశావు. వదినా, నువ్వు ఒప్పుకున్నందుకు నిన్ను గౌరవిస్తున్నాను, నిజంగా.

పెద్దాయనకు చూపించాను. మిల్లీమీటరు దాటితే జాగ్రత్త పడాలట. గడ్డ మెత్తగా ఉందంటే మొదట్లోనే ఉన్నట్టు, కానీ చూస్తూ కూర్చునే సమయం కాదన్నాడు.

నేను ఊరుకోలేదు. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఆయనకు తెలిసిన డాక్టరున్నాడు. ఈ నెల 29న అన్నయ్యకు పరీక్ష. తొడ దగ్గర నుంచి నాళంలోకి సన్నని గొట్టం పంపి, మెడ దాకా తీసుకెళ్ళి, రంగు ఎక్కించి బొమ్మ తీస్తారు. ఆ పరీక్షలోనే ఎప్పుడో ఒకరికి గొట్టం గోడకు తగిలి పక్షవాతం రావచ్చని కూడా చెప్పారు. అన్నయ్యతో మాట్లాడాను. ఒప్పుకున్నాడు. నీకు ముందే చెబితే అడ్డుపడతావని, టిక్కెట్టు కొన్నాకే చెబుదామని నేనే అన్నాను. ఇదిగో, చెబుతున్నాను.

పరీక్షయ్యాక పది రోజులు నా గదిలోనే ఉంటాడు. మంచం అన్నయ్యకిచ్చి నేను కింద పడుకుంటాను. నువ్వు డ్యూటీ వదిలి రానవసరం లేదు. ఇన్నేళ్ళూ నువ్వు చూసుకున్నావు, ఈ పది రోజులు నాకివ్వు.

మరదలు


అక్టోబర్ 17

అమ్మాయీ,

ఆ టిక్కెట్టు రద్దు చేయించు. మీ అన్నయ్య రావడం లేదు. ఎందుకో ఆయనకు ఈ పొద్దున్నే చెప్పాను. నీకు ఫోన్ చేసి చెప్పమన్నాడు, నిషేధం తనే ఎత్తేస్తానన్నాడు. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను, ఇదయ్యాక ఆయనే వెళ్ళి పోస్టులో వేస్తాడు.

నీ బల్ల మీదున్నది మీ అన్నయ్య మెడ కాదు. నాది.

జూన్ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం ఆయన్ను పడుకోబెట్టి నిజంగానే స్కాన్ చేశాను. జెల్ రాస్తుంటే నవ్వుతూ, "చెల్లాయి అడగాలే గానీ మెడే కోసి ఇచ్చేస్తాను" అన్నాడు. ఊరికే సరదాకి అన్న మాటే. ఆ మాట నాకెక్కడో తగిలింది. పొద్దున్నే తలుపు తీసి నువ్వు ఆ మెడను చూసుకుంటావు. తుడుచుకుంటావు. నాకు తెలియని పాత కబుర్లు దానితో చెప్పుకుంటావు. ఆ మెడ నాది కదా అనిపించింది. దానికి కుదురుగా ఒక్క దిండు వెతకడానికి ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగింది నేను. ఇంత చిన్న సంగతికి అంత అసూయ ఏమిటని నువ్వు అడగవచ్చు. నాకూ తెలియదు. ఒళ్ళంతా మండింది, అంతే.

మర్నాడూ, ఆ మర్నాడూ ఒంటిగంటకు గది తలుపు వేసుకుని, అద్దం ఎదురుగా పెట్టుకుని, ఎడమ మెడ మీద స్కాన్ తీసే ప్రోబ్ పెట్టుకుని నా నాళం అరవై రెండు చోట్ల తీశాను. డిస్కులో అవి పెట్టాను. ఆయనవి బీరువాలో చీరల కింద దాచాను. పెట్టె మీద 'మీ అన్నయ్య మెడ' అని రాస్తుంటే నవ్వొచ్చింది. రోజూ ఎవరిని పలకరిస్తుందో పాపం అని లోపల్లోపల మురిసిపోయాను.

నాళం సన్నగా ఉందని నువ్వు రాసినప్పుడే ఒప్పేసుకోవాల్సింది. ఆడవాళ్ళ నాళం సన్నగానే ఉంటుంది మరి. దొరికిపోతానని భయపడి నీ మీద విరుచుకుపడ్డాను. సుడి గురించి రాసినప్పుడు ఆయన్ను కొలిచి, బాగుందని నీకు రాసి, గెలిచానని పొంగిపోయాను. రోజుకు ముప్పై మెడలు చూసే దాన్ని. ఏడు దెబ్బలు నిలిచిన ఆ సుడి ఎవరి మెడలోదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నీ గాజు తప్పని నిరూపించాలన్న పంతంలో, గాజు చెబుతున్నది నా సంగతేనన్నది బుర్రకెక్కలేదు. స్కాన్ చేసుకున్నప్పుడు కూడా లోపలి వెడల్పే కొలిచాను, గోడ వైపు చూడలేదు. మా అమ్మ ఎడమ మెడలో నుంచే గడ్డ జారి మెదడుకు పోయిందని తెలిసి కూడా.

ఈ నెల మూడున మధ్యాహ్నం ఒక రోగి రాలేదు. ఊరికే కూర్చుని ప్రోబ్ మెడ మీద పెట్టుకున్నాను. బయటి గోడ, సరిగ్గా నువ్వు రాసిన చోటే. ఒకటి పాయింటు మూడు మిల్లీమీటర్లు. దాని మీద చిన్న మెత్తటి గడ్డ. ఇంకో మనిషిదైతే రెండో మాట లేకుండా డాక్టరమ్మ దగ్గరికి పంపేదాన్ని. నాది కాబట్టి మిషను ఆపేసి, టిష్యూతో జెల్ తుడుచుకుని, ఇంటికొచ్చి నీకు ఆ తిట్ల ఉత్తరం రాశాను. చెబితే నేను చేసింది బయటపడుతుంది. నీ ముందు తలదించుకోవాలి. అంతకన్నా గడ్డే నయమనిపించింది. నా బుద్ధి అంతదాకా వచ్చింది.

ఆయన మెడలోకి గొట్టం పంపుతారని నువ్వు రాసేసరికి నిద్ర మత్తు వదిలినట్టయింది. ఏ జబ్బూ లేని మనిషి, నా అబద్ధానికి పరీక్ష బల్ల ఎక్కడమా? విని ఆయన నా పక్కకొచ్చి కూర్చున్నాడు. తర్వాత నా ఎడమ చెవి కింద వేలు పెట్టి, "ఇక్కడేనా?" అని అడిగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

రేపు డాక్టరమ్మకు చూపించుకుంటాను. నువ్వు తిట్టదలుచుకున్నవన్నీ తిట్టు, పడతాను. అయితే ఇది మాత్రం నిజం, నిన్ను చూస్తే నాకు అసూయ. ఇన్నేళ్ళుగా ఉంది. పోయిందని అబద్ధం రాయను.

వదిన


అక్టోబర్ 24

వదినా,

నీ ఉత్తరం ఇరవై ఒకటిన అందింది. మూడు రోజులు నీతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అన్నయ్య ఫోన్ చేసి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. దారి ఇంకా పెద్దగా మూసుకుపోలేదనీ, కోత అవసరం లేదనీ, నీ బీపీ మాత్రం పైన ఉందనీ, మాత్రలు రాసిచ్చిందనీ, ఆరు నెలలకోసారి చూడాలనీ. నాళం ఆకారాన్ని మార్చలేం, ఆ సుడిని ఆపలేం, కానీ దాని వల్ల జరిగే నష్టాన్ని ఆపొచ్చు అన్నదట. విన్నాక కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పక్క బల్ల ఆవిడ నీళ్ళు తెచ్చింది. ఈసారి పిచ్చి అనుకోలేదు.

నిన్ను బాగా తిట్టాలనే కూర్చున్నాను. నువ్వు చేసింది మామూలు తప్పు కాదు. నీ వల్ల నేను అన్నయ్యను పరీక్ష బల్ల మీదకు పంపబోయాను. ఆయన బిస్కెట్ వాసన చూసి మూత పెట్టుకున్నాడు! దీనికి నిన్ను ఎప్పటికీ క్షమించను. ఆ బిస్కెట్ డబ్బా ఈ రోజే ఆయన చేతికివ్వు.

కానీ నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఆ పది రోజులూ అన్నయ్య నా గదిలో ఉంటాడని రాసినప్పుడు, పరీక్ష గురించి భయం ఎంత ఉందో, లోపల సంతోషమూ అంతే ఉంది. జబ్బుంటే అన్నయ్య నా చేతికి చిక్కుతాడని నువ్వు రాసిన మాట నాకు గుచ్చుకుంది అందుకే. నీ పెళ్ళి రోజున నేను మేడ మీద గదిలో తలుపు వేసుకుని, తలనొప్పి అని చెప్పాను గుర్తుందా? తలనొప్పి కాదు. ఆ రోజు నుంచి ఈ పదమూడేళ్ళలో నీకు నేను రాసినవాటిలో, ఫోన్‌లో అన్నవాటిలో, 'అన్నయ్య తిన్నాడా', 'అన్నయ్య పడుకున్నాడా', 'అన్నయ్యకు దగ్గు తగ్గిందా' తప్ప ఇంకో ప్రశ్న లేదు. నిన్న రాత్రంతా గుర్తు చేసుకున్నాను. ఒక్కసారి కూడా నీ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు.

ఇందాక పొద్దున్న తాళం తీసి లోపలికొచ్చాను. కిటికీలోంచి వెలుగు పడుతోంది. అలవాటుగా "బాగున్నావా" అన్నాను. అని, అక్కడే నిలబడిపోయాను. మూడు నెలలుగా రోజూ నేను అడుగుతున్నది నిన్నే. గుడ్డతో తుడిచి, దుమ్ము పడకుండా మూత వేసి, రంగు ఏడు దెబ్బలు నిలబడితే ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయింది నీ గురించే. అది అన్నయ్య మెడని అనుకోకపోతే అదంతా నీకు చేసేదాన్ని కాదు. అందుకు సిగ్గుగా ఉంది.

గాజుమెడ కింద నేను అంటించుకున్న 'అన్నయ్య' చీటీ గోరుతో గీకి తీసేశాను. 'వదిన' అని రాసి అంటించాను. పెద్దాయన ఎందుకని అడిగాడు, చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, కాసేపు నవ్వడం మానేసి, 'అయితే మన గాజు తప్పు కాదన్నమాట' అన్నాడు. అన్నయ్య కొలతలు చీరల కింద నుంచి తీయకు. నాకొద్దు. ఆ మెడ నీ దగ్గరే ఉండనీ.

అసూయ నాకూ పోలేదు. ఏదో పెద్ద మనసు వచ్చేసిందని అనుకోకు. నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది, అది తీరేదాకా నువ్వు మాత్రలు వేసుకోవాలి, నడవాలి, ఉప్పు మానాలి.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ఫోన్ చేస్తాను. అన్నయ్యను ఎత్తనివ్వకు, నువ్వే ఎత్తు. మూడో నిమిషంలో అరుచుకుందాం, ఫర్వాలేదు. ముందు మాత్రం నేను "బాగున్నావా" అని అడుగుతాను. ఇన్నాళ్ళూ గాజును అడిగితే జవాబు రాలేదు.

మరదలు